గోంగూర చేను చుట్టూ రెండుసార్లు

ఇంతవరకు ఎవరికీ చెప్పని సంగతి ఒకటి ముందుగా చెప్పేస్తాను. మూడేళ్ళుగా ప్రతి మే నెల చివరి వారంలో, ఇంట్లో అందరూ మధ్యాహ్నం కునుకు తీసే వేళకి, నేను మా డాబా ఎక్కి పదకొండు పూలకుండీల చుట్టూ మూడుసార్లు తిరుగుతాను. చేతిలో ఉప్పు కలిపిన గోధుమపిండి ఉంటుంది. తిరిగినంతసేపూ మాట్లాడను. కాలు కుండీకి తగిలితే మళ్ళీ మొదటి నుంచి తిరుగుతాను. పూర్వం రోము రైతులు ఇలా చేసేవారు. పందిని, గొర్రెని, ఎద్దుని పొలం గట్ల వెంట మూడు చుట్లు నడిపించి, చీడా వడగళ్ళూ గట్టు దాటి లోపలికి రాకూడదని వేడుకుని, తర్వాత బలి ఇచ్చేవారు. నా దగ్గర పందీ గొర్రే ఎద్దూ లేవు. మందారాలకి పిండినల్లి మాత్రం ఉంది.

నేను విశాఖపట్నంలో ఒక కాలేజీ లైబ్రరీలో పని చేస్తాను. తీసిపారేయాల్సిన పుస్తకాల గుట్టలో అట్ట ఊడిపోయిన ఒక ఇంగ్లీషు పుస్తకం దొరికింది. రోము పల్లెల పండుగల గురించి. దాన్ని ఇంటికి తెచ్చుకున్నాను. అందుకే గోధుమకి తుప్పు తెగులు రాకుండా వాళ్ళు ఏ నెలలో ఏ దేవుణ్ణి బతిమాలేవారో, సరిహద్దు రాయికి ఏ నెలలో పూలదండ వేసేవారో నాకు తెలుసు. శ్రీకాకుళం జిల్లాలో మా ముత్తాతలు తమ పొలాల్లో ఏం చేసేవారో మాత్రం తెలియదు. ఎవరినైనా అడిగితే తెలిసేది. అడగాలంటే నోరు తెరవాలి.

యాంగోన్ వెళ్ళాల్సింది నేను కాదు, మా నాన్న. అప్పట్లో యాంగోన్‌ని మనవాళ్ళు రంగం అనేవారు. మా ముత్తాత ఆ రంగం రేవులో బియ్యం బస్తాలు మోసేవాడట. జపాను యుద్ధం వచ్చినప్పుడు పెద్దకొడుకుని, అంటే మా తాతని, బంధువులతో కాలినడకన దేశానికి పంపేసి తాను అక్కడే ఆగిపోయాడు. ఆ తర్వాత పుట్టినవాడు మా చిన్నతాత. ఇప్పుడు ఎనభై దాటాయి. మనవాళ్ళెవరైనా ఒక్కసారి వచ్చి వెళ్ళండని ఫోనులో అడిగి అడిగి, చివరికి అడగడం మానేశాడు. అప్పుడు నాన్నకి సిగ్గేసి ప్రయాణం పెట్టుకున్నాడు. బయలుదేరడానికి పది రోజుల ముందు మోకాలు వాచింది. ఇంట్లో పాస్‌పోర్టు ఉన్న రెండో మనిషిని నేనే.

తామ్వే

మొదటి రెండు రాత్రులు తామ్వేలో ఒక చిన్న హోటల్లో ఉన్నాను. ఇంటికి చుట్టం వస్తే ముందు వార్డు ఆఫీసులో పేరు రాయించాలట. అది అయ్యేదాకా హోటలే. నన్ను కలవడానికి నీలా వదిన వచ్చింది. చిన్నతాత కూతురు మంగమ్మత్తకి ఒక్కతే బిడ్డ. నాకంటే రెండేళ్ళు పెద్దది. లైంగ్‌థార్యార్‌లో బట్టలు కుట్టే ఫ్యాక్టరీలో పని. బుగ్గలకి చెట్టు బెరడు అరగదీసిన పసుప్పచ్చని గంధం రాసుకుని, లుంగీ కట్టుకుని, భుజాన సంచితో వచ్చింది. తెలుగు మొత్తం అర్థమవుతుంది. మాట్లాడేటప్పుడు మాత్రం సగం దారిలో బర్మా భాషలోకి మళ్ళిపోతుంది.

"వదినా అనొద్దు. మా నీలా అను. ఇక్కడ అందరూ అలగే అంటారు."

అక్కడ పేరుకి ముందు 'మా' అంటే అక్క అన్నట్టు. సరేనని తల ఊపాను.

"నువ్వు మాట్లాడవా?"

దానికీ తల ఊపాను. వదిన నవ్వింది.

పొద్దున్నే రోడ్డు పక్కన మొహింగా తిన్నాం. చేపల పులుసులో సన్నటి బియ్యం సేమియా వేసి, పైన కరకరలాడే పప్పు వడలు చిదిపి ఇస్తారు. చేపల పులుసు మా ఇంట్లోనూ తింటాం గానీ పొద్దున్న ఆరున్నరకి తినం. రెండు గిన్నెలకి అయిదు వేల చాట్లు. అంకె వినగానే గుండె ఆగినంత పనయింది. మన డబ్బుల్లో లెక్కేసుకున్నాక మామూలైంది. గిన్నె తీసుకెళ్తున్న అమ్మాయికి వదిన "జేజూ తిన్ బా దే" అంది. థాంక్స్ అని అర్థం. నావైపు చూసి ఆగింది.

"నువ్వు జేజూ అనలేదు."

"మా ఊళ్ళో డబ్బులిచ్చి తింటే అనరు" అన్నాను. యాంగోన్‌లో నేను పలికిన మొదటి పూర్తి వాక్యం అదే.

"ఇక్కడ అంటారు. అనకపోతే కోపంగా ఉందనుకుంటారు."

ఆ సాయంత్రం కరెంటు పోయి వీధంతా జనరేటర్ల మోత. కిటికీ దగ్గర కూర్చుని డైరీలో ఆ మాటని తెలుగు అక్షరాల్లో పదిసార్లు రాశాను. రాయడం ఎప్పుడూ తేలికే. రెండు రోజుల్లో టీ ఇచ్చినవాడు, దారి చెప్పిన ఆవిడ, బస్సులో సీటిచ్చిన ముసలాయన, అందరికీ మనసులోనే చెప్పాను. ఒక్కసారీ పెదవి దాటలేదు.

రెండో రోజు వదిన నన్ను కూరగాయల బజారుకి తీసుకెళ్ళింది. అక్కడ గోంగూర చూసి ఆగిపోయాను. గుట్టలు గుట్టలుగా ఉంది. దాన్ని వాళ్ళు చిన్‌బౌన్ అంటారు. గోంగూర మనదేనని ఇన్నాళ్ళూ అనుకున్నాను. వాళ్ళు మనకంటే ఎక్కువే తింటారు.

ఒక దుకాణం ముందు వదిన కట్ట ఒకటి తీసి ఆకులు తిరగేసి చూపించింది. అడుగున ఇనుప తుప్పు రంగు మచ్చలు.

"ఇది అమ్మ చేనుది."

దుకాణావిడ మచ్చలున్న కట్టలు వేరే గంపలో పడేసి, ఇవి సగం ధరకే పోతాయని వదినకి చెప్పింది. వదిన ఆవిడకి కూడా జేజూ చెప్పింది.

తిరిగి వస్తుంటే సంగతి చెప్పింది. రెండు కాపులుగా ఇదే తెగులు. చేను కౌలుది. చుట్టూ ఫ్యాక్టరీలు, గోడౌన్లు లేచాయి. స్థలం ఆసామికి ఆ ముక్క కూడా అమ్మేయాలని ఉంది. ఇంకో ఏడాది చేస్తావా, వదిలేస్తావా, నెలాఖరుకి చెప్పమన్నాడట.

"అమ్మ ఏటీ అనదు. వదిలేస్తే మా ఫ్యాక్టరీకి రావాలి. దారాలు కత్తిరించే పని. పది గంటలు కూర్చోవాలి." కొంచెం ఆగి, "అమ్మ కూర్చోలేదు" అంది.

ఇన్సేన్

మూడో రోజు ఊరి చుట్టూ తిరిగే రైలెక్కి ఇన్సేన్ వెళ్ళాం. ఆ రైలు సైకిల్ కంటే కొంచెం వేగంగా పోతుంది. ఎవరికీ తొందర లేదు. ఉడికించిన పిట్టగుడ్లు, పుల్లమామిడి ముక్కలు, తమలపాకు చుట్టలు అమ్మేవాళ్ళు ఎక్కుతూ దిగుతూ ఉంటారు. ఎదురు సీటులో ఒకావిడ మూడు కోళ్ళని తలకిందులుగా పట్టుకుని నిద్రపోయింది. కోళ్ళు నిద్రపోలేదు.

చిన్నతాత ఇల్లు రైల్వే వర్క్‌షాపు వెనక సందులో ఉంది. ముప్పై నాలుగేళ్ళు అందులో ఫిట్టరుగా చేశాడు. ఊళ్ళో అందరికీ జైలు పేరుతోనే ఇన్సేన్ గుర్తొస్తుందని, రైలింజన్లని ఎవరూ తలుచుకోరని ఆయనకి చిన్న కష్టం. నేను పలాస జీడిపప్పు పొట్లం చేతికిస్తే ముక్కు దగ్గర పెట్టుకుని చాలాసేపు ఉంచుకున్నాడు. ఆ తర్వాత నన్ను ఎగాదిగా చూశాడు.

"పేరేటే?"

"హారిక."

"అరిక. బాగుంది. మీ నాయన మోకాలు నిజంగానే వాసిందా, సాకు సెప్పినాడా?"

"వాచింది తాతా."

"ఆడు సిన్నప్పుణ్ణించీ ఫోనులో పెద్ద మాటలు. ఇంకేటి సెప్పు."

గోడ మీద దేవుడి పటాలు చూస్తూ కూర్చున్నాను. లక్ష్మీదేవి పక్కనే బుద్ధుడు. ఇద్దరికీ ఒకే రంగు పూలు.

మధ్యాహ్నం భోజనంలో గోంగూర వచ్చింది. వెదురుచిగుళ్ళు, చిన్న రొయ్యలు, పచ్చిమిర్చి వేసి వేయించినది. మన పచ్చడిలో నూనె, వెల్లుల్లి నిలబడతాయి. ఇందులో పులుపు ఒక్కటే నిలబడుతుంది. రెండుసార్లు వడ్డించుకున్నాను. అది చూసి తాతకి నేను మాట్లాడకపోయినా ఫరవాలేదనిపించినట్టుంది.

"ఎల్లుండి మీ అత్త సేనికి పొలి తిప్పుతాం. ఎరికేనా పొలి?"

తెలియదన్నాను. తాత వదిన వైపు చూశాడు, ఇండియా నుంచి వచ్చిన పిల్లకి రంగంలో పుట్టినవాడు చెప్పాల్సి వచ్చిందన్నట్టు. ఆ తర్వాత నెమ్మదిగా చెప్పాడు. అన్నం వండి బలి నెత్తురుతో ఎర్రగా కలపాలి. గంపలో పోసి ఇంటి ఆడపిల్ల నెత్తికెత్తాలి. గట్టు వెంట చేను చుట్టూ నడవాలి. వెనక నడిచేవాళ్ళు మెతుకులు తీసి జల్లుతూ 'పొలో పొలి' అని కేకేయాలి. గంప మోసే పిల్ల మాత్రం మాట్లాడకూడదు. వెనక్కి చూడకూడదు. బయలుదేరిన రాయి దగ్గరికే తిరిగి రావాలి. అక్కడ పెద్దవాళ్ళు, తెగులు ఏమైందని అడుగుతారు. గట్టు దాటిపోయిందని ఆ పిల్ల చెప్పాలి. అప్పుడే నోరు విప్పాలి.

నేను అన్నం కలపడం ఆపేశాను. బలి, చుట్టూ నడక, మౌనం, సరిహద్దు రాయి. అన్నీ నా డాబా మీద ఉన్నవే. రెండు వేల ఏళ్ళ కిందటి సంగతని నేను పుస్తకంలో చదువుకుంటున్నది మా సొంత చిన్నతాత పప్పన్నంలో చెయ్యి పెట్టుకుని చెబుతున్నాడు.

"మేకనా తాతా, కోడినా?" అని అడిగాను.

"మీకాడ మేక. ఇక్కడ సుట్టూ బుద్దుడోల్లు. ఆల్ల కల్లముందర కొయ్యకూడదు. మా అమ్మ ఉన్నప్పుణ్ణించీ పసుపూ సున్నమూ కలిపిన ఎర్రనీల్లే."

రోములో కూడా ఎద్దు కొనలేనివాళ్ళు పిండితో బొమ్మ చేసి బలి ఇచ్చేవారట. ఈ మాట చెబుదామని నోటిదాకా వచ్చింది. చెప్పలేదు. చేతులు కడుక్కున్నాక డైరీలో రాసుకున్నాను.

"ఎప్పుడూ నీలా మోసీది" అన్నాడు తాత. "దీనికి నోరాగదు. నిరుడు మద్దెలో ఫోను మోగితే ఎత్తింది."

"సూపర్‌వైజర్ ఫోను తాతా."

"సూపర్‌వైజరైతే? అందుకే తెగులు పోనేదు." నావైపు తిరిగాడు. "ఈ గుంటకి నోరే నేదు. దీనికెత్తండి గంప."

ఇరవై ఆరేళ్ళలో నా నోరు లేనితనం పనికొచ్చిన చోటు అదొక్కటే.

లైంగ్‌థార్యార్

నది దాటితే లైంగ్‌థార్యార్. బస్సు దిగి పికప్ వ్యాను వెనక నిలబడి వెళ్ళాం. షిఫ్టు వదిలిన వేళ. వందల మంది ఆడపిల్లలు ఒకే రంగు చొక్కాల్లో, చేతుల్లో టిఫిన్ క్యారియర్లతో రోడ్డుకి అడ్డంగా నడుస్తున్నారు. గాజువాక గుర్తొచ్చింది. అక్కడ షిఫ్టు వదిలితే మగవాళ్ళు కనిపిస్తారు.

రెండు ఫ్యాక్టరీ గోడల మధ్య సందులోంచి వెళ్తే ఒక్కసారిగా ఆకుపచ్చగా తెరుచుకుంది. ఎకరం మీద కొంచెం. సగం గోంగూర, కాలవ పక్కన తూటికూర. ఉత్తరం వైపు కొత్త గోడౌన్, నీలం రేకుల కప్పు. మంగమ్మత్త చేలో వంగుని ఉంది. తల ఎత్తి మమ్మల్ని చూసి, చేతిలోని కట్ట పూర్తిగా కట్టాకే లేచింది. ఇరుగుపొరుగు ఆవిణ్ణి డా మ్యా అంటారు. మ్యా ఆవిడ బర్మా పేరు, డా అంటే పెద్దావిడలకి వేసే గౌరవం. మంగమ్మ అన్న పేరు తాతకి, వదినకి, ఇప్పుడు నాకు మాత్రమే పనికొస్తుంది.

"ఎండిపోనావేటే? తిండెట్టదా మీయమ్మ?" అంది. అంతే పలకరింపు.

రాత్రి చేను పక్కనే ఉన్న అత్త గుడిసెలో పడుకుని, మర్నాడంతా ఆవిడ వెనకే చేలో తిరిగాను. ఆకు కోయడం, కట్ట కట్టడం నేర్పింది. మచ్చ ఆకుల్ని వేరే గోనెలో వేసింది. సాయంత్రానికి ఆ గోనె నిండింది, మంచి ఆకుల గోనె నిండలేదు. రెండింటినీ పక్కపక్కన పెట్టి కాసేపు చూసింది.

"ఇదే ఆకరి పొలి అనుకుంటన్నాను" అంది, నాతో కాదు, గోనెలతో అన్నట్టు. "ఎంతకని సేత్తాం."

తర్వాత గోడౌన్ గేటు వైపు చూపించి మూలరాయి సంగతి చెప్పింది. చేనుకి నాలుగు మూలలా నాలుగు రాళ్ళు. మూడేళ్ళ కింద ఉత్తరం వైపు ముక్కని ఆసామి అమ్మేస్తే, నాలుగో రాయి గోడౌన్ ఆవరణలోకి పోయింది. గేటు లోపల, కాపలా గది పక్కన ఉంది. అయినా పొలి ఆ రాయి చుట్టూ తిరిగి రావాల్సిందేనని తాత పట్టు. చుట్టు ఎక్కడ తెగితే అక్కణ్ణించి తెగులు వస్తుందట. కాపలా మనిషి ఊ టున్ మంచివాడు. అత్త వారానికొక కట్ట గోంగూర ఇస్తుంది, ఆయన పొలి రోజున గేటు తీస్తాడు. కాకపోతే ఆయన డ్యూటీ పొద్దున్న తొమ్మిదింటి వరకే. తర్వాత వచ్చేవాడు తీయడు.

రోములో పక్కపక్క రైతులు సరిహద్దు రాయికి చెరోవైపు నుంచి దండలు వేసి, అక్కడే కలిసి తినేవారు. గోంగూర కట్టా తాళంచెవీ కూడా అలాంటివే అనిపించింది.

మొదటి చుట్టు

పొద్దున్న ఏడున్నరకి తాత టాక్సీలో వచ్చి దిగాడు. దక్షిణపు మూలరాయి పక్కన కుర్చీ వేసి, గొడుగు పట్టించి కూర్చోబెట్టాం. రాయికి పసుపు రాశాం. అన్నంలో అత్త ఎర్రనీళ్ళు పోసి కలిపింది. నిజంగానే భయపెట్టే రంగు. గంపని నా నెత్తికెత్తారు. వెచ్చగా ఉంది. ఎర్రనీళ్ళు చెవి వెనకనుంచి మెడ మీదికి కారాయి.

"ఎవులేటన్నా పలక్కు. ఎనక్కి సూడకు. ఎల్లు" అన్నాడు తాత.

నడిచాను. వెనక అత్త, వదిన. "పొలో... పొలి..." వదిన గొంతు పెద్దది, అత్తది బొంగురు. ఈసారి వారం ముందుగానే మొదలైన వానలకి గట్లు జారుతున్నాయి. తూర్పు గట్టు, తూటికూర కాలవ, రెండో రాయి, మూడో రాయి. పక్క ఫ్యాక్టరీ కిటికీల్లోంచి కొందరు అమ్మాయిలు చూశారు. ఎవరో నవ్వారు. మామూలుగా అయితే నేను చచ్చిపోయేదాన్ని. నెత్తి మీద గంప ఉంటే ఎవరు చూసినా మనల్ని కాదు, గంపని చూస్తున్నారనిపిస్తుంది.

గోడౌన్ దగ్గరికి వచ్చేసరికి కరెంటు పోయి పెద్ద జనరేటరు వేశారు. వెనక కేకలు కూడా నాకు సరిగ్గా వినపడటం లేదు. ఊ టున్ గేటు తీసి పట్టుకుని నిలబడ్డాడు. యాభై ఏళ్ళుంటాయి. టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు. కాపలా గది పక్కన రాయిని తుడిచి ఉంచాడు. పక్కన గ్లాసులో నీళ్ళు, అందులో మల్లెపూలు. ఎవరూ అడక్కుండానే.

నేను రాయి చుట్టూ తిరిగి గేటు దాటుతూ ఆయన మొహం చూశాను. చూసి, "జేజూ తిన్ బా దే" అన్నాను.

అయిదు రోజులుగా రాని మాట. స్పష్టంగా, మర్యాదగా, పూర్తిగా వచ్చింది. ఆయన తల వంచి ఏదో జవాబిచ్చాడు. నాలుగడుగులు వేశాక గాని మాట్లాడేశానని నాకు తెలియలేదు.

కాళ్ళు ఆగలేదు. వెనక్కి చూడకూడదు కాబట్టి వాళ్ళు విన్నారో లేదో చూడలేను. "పొలో పొలి" అదే లయలో వస్తోంది. వినలేదని తెలిసిపోయింది. జనరేటరు మోతలో వినే అవకాశమే లేదు. ఊ టున్‌కి ఈ మౌనం సంగతి తెలియదు. మొత్తం ప్రపంచంలో ఈ చుట్టు తెగిందని నాకొక్కదానికే తెలుసు.

పడమటి గట్టు మీద ఉన్న రెండు వందల అడుగులూ లెక్కపెట్టుకున్నాను. రోములో ఒక్క మాట తప్పినా, ఒక్క అడుగు తడబడినా మొత్తం క్రతువు మళ్ళీ మొదటి నుంచి చేసేవారు. ఆ సంగతి చదివినప్పుడు పట్టింపు మనుషులని నవ్వుకున్నాను. నవ్వుకుంటూనే డాబా మీద అదే చేశాను. అక్కడ మళ్ళీ మొదలుపెడితే పోయేదేం లేదు, చూసేవాళ్ళు లేరు. ఇక్కడ ఎండలో ముసలాయన కూర్చున్నాడు. తొమ్మిదికి గేటు మూసేస్తారు. అన్నిటికంటే, నోరు తెరిచి చెప్పాలి.

చెప్పకపోతే ఏమవుతుంది? ఆకుల మీద మచ్చలు ఎలాగూ ఎర్రన్నంతో పోవు. అది నాకు తెలుసు. కానీ అత్త ఈ చుట్టు చూసుకునే చేను ఉంచుకోవాలో వదలాలో తేల్చుకుంటుంది. వచ్చే కాపులో మచ్చ వస్తే, అన్నీ సరిగ్గా చేసినా వచ్చిందనుకుని లేచిపోతుంది. అన్నీ సరిగ్గా చేయలేదు.

మూలరాయి వచ్చింది. గంప దించారు. తాత కుర్చీలోంచి ముందుకి వంగాడు.

"తెగులేటయినాది?"

నేను పలకలేదు.

"సెప్పవే. ఇప్పుడు పలకొచ్చు. తెగులేటయినాది?"

"నేను మాట్లాడేశాను తాతా."

"ఎవులితోటి?"

"గేటు తీసినాయనతో."

"ఏటన్నావు?"

"జేజూ అన్నాను."

వదిన నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. భుజాలు ఊగుతున్నాయి. ఇన్నాళ్ళూ చెప్పించాలని చూసింది తనే.

"అది మాట కాదు తాతా. మర్యాద" అంది చివరికి.

"నోట్లోంచి వచ్చిందా, నేదా?"

"వచ్చింది" అన్నాను.

అత్త నావైపు చూసింది. కోపం లేదు. ఆకుని తిరగేసి చూసేటప్పటి చూపు.

"నువ్వు సెప్పకపోతే మాకెలగ తెలిసీది?"

రోము గురించి చెప్పలేను కదా.

"మొదట్నించి" అన్నాడు తాత. "టైమెంతయినాది?"

ఎనిమిదీ ఇరవై.

రెండో చుట్టు

గంపలో సగం అన్నం మిగిలే ఉంది. అది పనికిరాదన్నాడు తాత. తెగిన చుట్టుది. మళ్ళీ వండాలంటే పొయ్యి రాజేసి, ఎసరు పెట్టి, అరగంట పైమాటే. అత్త చుట్టూ చూసింది. ఆవిడ చూపు వదిన టిఫిన్ క్యారియర్ మీద ఆగింది. ఫ్యాక్టరీలో మధ్యాహ్నం తినడానికి కట్టుకున్నది.

"వద్దమ్మా" అంది వదిన. "అది నా లంచ్."

"కూర నీకే ఉంచుతాను."

"ఉత్త కూర ఎలగ తింటాను?"

"నిరుడు ఫోనెత్తినందుకు ఇది సరిపోద్ది" అన్నాడు తాత.

వదిన తనే డబ్బా మూత తీసి బోర్లించింది. గంప అడుగున అన్నం కొంచెంగానే కనిపించింది. అత్త పిడికెడు పిడికెడుగా కాక, మెతుకు మెతుకుగా జల్లుతానంది. మిగిలిన ఎర్రనీళ్ళు పోశారు. మళ్ళీ నా నెత్తికెత్తారు. ఈసారి చల్లగా ఉంది. ఇంకెవరికైనా ఇవ్వమని అడుగుదామనుకున్నాను. అప్పటికే గంప నెత్తి మీద ఉంది, మాట్లాడకూడదు.

కాలవ దాటేసరికి వాన మొదలైంది. పెద్ద చినుకులు. కళ్ళలోకి ఎర్రనీళ్ళు దిగి మండాయి. తుడుచుకోలేదు. రెండో రాయి దగ్గర కాలు జారి గట్టు మీద మోకాలి మీద పడ్డాను. గంప రెండు చేతులతో ఒడిసిపట్టుకున్నాను. అమ్మా అనాల్సిన చోట పళ్ళు బిగించాను. వెనక వదిన కేక ఒక్క క్షణం ఆగి మళ్ళీ అందుకుంది. నా మోకాలు కూడా వాచిందని నాన్నకి చెప్పాలనుకున్నాను.

గేటు దగ్గర ఊ టున్ గొడుగు కింద నిలబడ్డాడు. మమ్మల్ని మళ్ళీ చూసి ఆశ్చర్యపోయి ఏదో అడిగాడు. నాకు అర్థం కాలేదు, అయినా అడిగింది నన్నేనని తెలుస్తోంది. గేటు తీసి, నేను తడవకుండా గొడుగు నా గంప మీదికి చాచాడు. రాయి చుట్టూ తిరిగినంతసేపూ పక్కనే నడిచాడు, తాను తడుస్తూ. నేను ఆయన మొహం చూడలేదు. తల కూడా ఊపలేదు. గేటు దాటి వచ్చేశాను.

ఇరవై ఆరేళ్ళుగా నేను మాట్లాడకపోవడం నాకు అలవాటు, సుఖం. మాట్లాడకుండా ఉండటానికి కష్టపడింది ఆ రోజే.

మూలరాయి. గంప దించారు. వానలో గొడుగు కింద తాత.

"తెగులేటయినాది?"

"గట్టు దాటిపోయింది" అన్నాను.

మన మాటల్లో చెప్పమన్నాడు తాత.

"గట్టు దాటిపోనాది."

తొమ్మిదికి ఆరు నిమిషాలు తక్కువ. వదిన తడిసిన బట్టలతోనే ఫ్యాక్టరీకి పరుగెత్తింది, ఉత్త కూర పట్టుకుని. అత్త ఒక మొక్క దగ్గర వంగి ఆకు తిరగేసి చూసింది. నేను కూడా చూశాను. మచ్చలు మచ్చల్లాగే ఉన్నాయి.

తిరుగు ప్రయాణం

ఆ తర్వాత మూడు రోజులూ వాన. చివరి రోజు పొద్దున్న స్థలం ఆసామి కారులో వచ్చాడు. అత్త గొడుగు వేసుకుని గట్టు మీద ఆయనతో బర్మా భాషలో మాట్లాడింది. నేను గుడిసె గుమ్మంలోంచి చూశాను. ఇద్దరి మొహాల్లోనూ ఏమీ తెలియలేదు. కారు వెళ్ళిపోయాక అత్త వచ్చి బియ్యం కడిగింది.

మధ్యాహ్నం బయలుదేరాను. వదిన ఆ రోజు సెలవు పెట్టింది. పికప్ వ్యాను ఆగే చోటికి వెళ్తూ గోడౌన్ గేటు ముందు నేనే ఆగాను. ఊ టున్ ఆ రోజు డ్యూటీ మారి మధ్యాహ్నం ఉన్నాడు. దగ్గరికెళ్ళి, ఈసారి కావాలనే, "జేజూ తిన్ బా దే" అన్నాను. ఆయన నవ్వి చాలాసేపు మాట్లాడాడు. వదిన అర్థం చెప్పింది. ఆయనది కింద డెల్టాలో వరి ఊరట. వాళ్ళ నాన్న కూడా వరిచేను తల్లికి అన్నం పెట్టి చేను చుట్టూ తిరిగేవాడట. రెండోసారి నేను పలకకపోతే కోపమొచ్చిందేమో అనుకున్నాడట.

"ఇంకోటడుగుతున్నాడు" అంది వదిన. "వాళ్ళ ఊళ్ళో మూడు చుట్లు తిరుగుతారట. మీరు రెండే తిరిగి ఎందుకు ఆపేశారంటున్నాడు."

నాకు మా డాబా గుర్తొచ్చింది. తల వంచుకుని నిలబడ్డాను. అత్త మా వెనకే గోంగూర విత్తనాలు మూట కట్టి తెస్తోంది. ఆయన అడిగింది విన్నది. ఆగి, గేటు లోపలి రాయి వైపు, తర్వాత చేను వైపు చూసింది.

వ్యాను వచ్చింది. వెనక ఎక్కి కడ్డీ పట్టుకున్నాను. అత్త మూట అందించింది. యాంగోన్‌లో ఉన్న తొమ్మిది రోజుల్లో నేనుగా ఎవరినీ సొంత సంగతి ఏదీ అడగలేదు. అప్పుడు అడిగాను.

"ఆసామికి ఏం చెప్పావత్తా?"

వ్యాను కదిలింది. అత్త రెండడుగులు దానితో పాటు నడిచింది.

"రెండయినాయి కదేటే. మూడోది వచ్చీ యేడు. నోరు మూసుకొని రా."